మూత్రపిండ వ్యాధి - మన కర్తవ్యము



శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, పలాస ప్రాంతమునకు ఉద్దానమని పేరు. కొబ్బరి, జీడితోటలతో పచ్చగా నుండు ఆ సీమలో మధుమేహము లేనివారికిని మూత్రపిండములు చెడిపోవుచున్నవి. కారణ మింకను నిశ్చయముగా తేలలేదు. ప్రజలు చిరకాలము మొరపెట్టుకొనగా, 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల వైద్యశాలయు, పరిశోధన కేంద్రమును, హిరమండలము నుండి మంచినీటి పథకమును ప్రారంభింపబడినవి. అడుగనిదే అమ్మయైనను పెట్టదు గదా!

కల్హేరు సోదరీమణులకు ఉద్దానము దూరమే. ఈ వ్యాధి మాత్రము దూరము కాదు. మధుమేహము, రక్తపుపోటు గల ప్రతి యింటను దీని భయ మున్నది. తొలుత నొప్పి యుండదు. కాళ్లు వాచునాటికి చాలవరకు చెడియుండవచ్చును. రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షించినచో ముందే తెలియును. వైద్యు నడుగక నొప్పిమాత్రలు తరచుగా మింగరాదు.

ఇంటివారి కందరికిని పరీక్ష చేయించి తన సంగతి మరచుట గృహిణికి అలవాటు. అది మానవలెను. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ మూత్రపిండముల ఆరోగ్యమునుగూర్చి తీర్మానము చేసినది. దాని ఫలము మన పల్లెలకు అందవలెనన్న, ఈ పరీక్షలు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఎల్లప్పుడును జరుగునా యని ఓటు కోరవచ్చిన వారిని అడుగుడు. అందుకు సంకోచింపవలదని మేము మనవి చేయుచున్నాము.