మన కంటపడని గాయాలు

ఇంట్లో ఒకరు రోడ్డు ప్రమాదంలో గాయపడితే “తఖ్దీర్‌లో అలా వ్రాసి ఉంది” అని మనల్ని మనం ఓదార్చుకుంటాము. తఖ్దీర్‌ను విశ్వసించడం మన ఈమాన్‌లో భాగమే. కాని ఒంటెను కట్టివేసిన తరువాతే తవక్కుల్ అని నేర్చుకున్నవారం మనం. హెల్మెట్‌ను ఇంట్లో మేకుకు తగిలించి వెళ్ళి, తల పగిలిన పిదప తఖ్దీర్‌ను తలచుకోవడం ఆ బోధనకు తగదు.

గాయం కూడా వ్యాధి వంటిదే. దానికి కారణాలున్నాయి, నివారణ కూడా ఉంది. ఈ దృష్టితో హైదరాబాదులో పరిశోధించినవారిలో ప్రజారోగ్య నిపుణురాలు డాక్టర్ రాఖీ దండోనా ఒకరు. ఆమె బృందం పెట్రోలు బంకుల వద్ద నాలుగు వేల మందికి పైగా ద్విచక్ర వాహన చోదకులను ప్రశ్నించింది. దాదాపు 70 శాతం మంది హెల్మెట్ ధరించబోమనో, అరుదుగా మాత్రమే ధరిస్తామనో చెప్పారు. ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన క్షతగాత్రుల వివరాలను కూడా ఆ బృందం సేకరించింది. గాయపడి బ్రతికినవారిలో అత్యధికుల సంగతి పోలీసు రికార్డులకు ఎక్కడం లేదని 2008లో వెల్లడించింది.

ఇది మన ప్రాంతానికీ వర్తించే విషయమే. ఇచ్ఛాపురం నుండి భోగాపురం వరకు 16వ నంబరు జాతీయ రహదారిపై, పలాస జీడిపప్పు పరిశ్రమలకు కూలీలు క్రిక్కిరిసి వెళ్ళే ఆటోలలో జరిగే చిన్న ప్రమాదాలన్నీ కేసులు కావు. ఒక మలుపులో ఎందరు పడ్డారో స్టేషన్ పుస్తకం కంటే కట్లు కట్టిన నర్సుకే బాగా తెలుస్తుంది. లెక్కకు రాని గాయానికి దీపస్తంభమూ రాదు, వేగనిరోధకమూ రాదు.

హింస విషయంలోనూ ఇంతే. వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో ముఖ, దవడ శస్త్రచికిత్స నిపుణుడు జొనాథన్ షెపర్డ్, కొట్లాటలలో గాయపడి తన వద్దకు వచ్చేవారిలో ఎందరో పోలీసుల దృష్టికే రావడం లేదని గ్రహించారు. దాడి ఎక్కడ, ఎప్పుడు, దేనితో జరిగిందో ఆసుపత్రిలోనే నమోదు చేసి, పేర్లు లేకుండా పోలీసులకు, నగరపాలక సంస్థకు అందించే ఏర్పాటు చేశారు. అక్కడ హింసాత్మక గాయాలు తగ్గాయి. ఆ కృషికి 2008లో ఆయనకు స్టాక్‌హోం నేరశాస్త్ర పురస్కారం లభించింది.

ఆసుపత్రిలో “మెట్ల మీద జారిపడ్డాను” అని చెప్పే ఇల్లాలి గాయం కొన్నిసార్లు మెట్ల వల్ల అయినది కాదు. “ఇంటి పరువు” పేరిట ఆమెను మౌనంగా ఉండమని నచ్చజెప్పే పెద్దలు మరుసటి దెబ్బకు దారి చూపుతున్నారని మా అభిప్రాయం. ఆమె నిజం చెప్పగల చోటు మొదట పుట్టింటిలో, అత్తవారింటిలో ఏర్పడాలి. ఆపై వైద్యులు, 181 మహిళా సహాయవాణి ఉన్నారు.

ప్రతి ఇంటా పాటించదగిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. బండిపై వెనుక కూర్చున్నవారు, నాలుగేళ్ళు దాటిన పిల్లలు కూడా హెల్మెట్ ధరించాలి. బురఖా అంచును, చున్నీని చక్రానికి దూరంగా మడిచి కూర్చోవాలి. దారిలో గాయపడినవారు కనిపిస్తే 108కు ఫోన్ చేయాలి. సదుద్దేశంతో సాయపడినవారికి 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. తమ పేరు చెప్పమని వారిని ఎవరూ నిర్బంధించరాదు. ఆసుపత్రిలో గాయం ఎలా తగిలిందో దాచక చెప్పాలి. ఆ నిజం రేపు మరొకరి బిడ్డను కాపాడవచ్చు.