రీఇన్‌స్టాల్ చెయ్యమనేవాళ్ళకో దణ్ణం

"ఓసారి అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడు."

మన సాఫ్ట్‌వేరు జాతికంతటికీ కలిపి ఒక జాతీయ నినాదం పెట్టమంటే నేను దీన్నే పెడతాను. పక్కింటాయన ప్రింటరు దగ్గర్నుంచి పెద్దమ్మ ఫోను దాకా మనం రాసిచ్చే మందు ఇదొక్కటే. ఈ మాట చెప్పడానికి నాలుగేళ్ళ ఇంజనీరింగూ, పదిహేనేళ్ళ అనుభవమూ కావాలా అని మా బావ అడిగేదాకా నాకూ తట్టలేదు. అందుకే ఈ టపా. ముందే చెప్పేస్తున్నా, ఇందులో ఒకటో నంబరు ముద్దాయిని నేనే.

అసలు సంగతికొస్తాను. అమలాపురం దగ్గర ఓ ఊళ్ళో మా అక్కావాళ్ళుంటారు. మేనల్లుడు ఇంటర్ చదువుతున్నాడు, వాడికి విమానాల పిచ్చి. ఇంట్లో పీసీ ఉంది కదా అని నేనే ఓ జాయ్‌స్టిక్ కొనిపెట్టాను. పేరున్న ఫ్లైట్ సిమ్యులేటర్ ఒకటి వేసుకున్నాడు. వాడి కోరిక ఒక్కటే. రాజమండ్రి మధురపూడిలో టేకాఫ్ తీసుకుని, గోదారి వెంబడి దక్షిణంగా వెళ్తూ, ఎడమపక్క గౌతమి, కుడిపక్క వశిష్ఠ కనిపిస్తుంటే కొబ్బరితోటల మీదుగా అంతర్వేదిలో సముద్రం దాకా పోవాలి. కోనసీమలో విమానాశ్రయం లేదు, వాడు ఇంతవరకూ విమానం ఎక్కిందీ లేదు. వాడి విమానయోగమంతా ఆ తెరమీదే.

ఓ రోజు ఫోన్ చేశాడు. "మావయ్యా, అంతర్వేది వెళ్దామంటే విమానం యానాం వైపు పోతోంది. చెయ్యి వదిలితే చాలు, ఎడమకి వాలిపోతోంది. మొన్నట్నుంచి ఇంకోటి కూడా, ఒక్కోసారి లోడింగ్ దగ్గరే ఆగి మూసుకుపోతోంది."

నేను మీటింగులో ఉన్నాను. ఒక చెవిలో క్లయింటు, ఒక చెవిలో మేనల్లుడు. ఏం చెప్పానో మీకు తెలుసు :)

ఆ సిమ్యులేటర్ వంద జీబీ పైమాటే. వాళ్ళింటి నెట్‌కి నెలకింత అని హద్దు ఉంది, అది దాటితే నత్తనడక. మధ్యలో కరెంటు పోతుంటుంది. ఆరు రాత్రులు పట్టింది. ఏడోరోజు మళ్ళీ ఫోన్. "మళ్ళీ ఎడమకే పోతోంది మావయ్యా." కాసేపాగి ఇంకో మాటన్నాడు. "అది బానే ఉందేమో. నా చెయ్యే సరిగ్గా లేదేమో. నేను పైలట్‌గా పనికిరానేమో."

మా బావకి అంత ఆలోచన లేదు. ఉప్పుగాలికి జాయ్‌స్టిక్ పోయిందని తేల్చేసి, ఎవరికైనా అమ్మేద్దామని చూస్తున్నాడు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడి పక్కన కూర్చున్నాను. నేను ఫోన్లో అడగాల్సిన మొదటి ప్రశ్న అప్పుడు అడిగాను: ఇది ఒక సమస్యా, రెండా? విమానం ఎడమకి వాలడం వేరు, ప్రోగ్రాం మూసుకుపోవడం వేరు. వాడు రెండూ ఒకే ఫోన్లో చెప్పాడు కాబట్టి నేను రెండిటికీ కలిపి "గేమ్ పాడైంది" అని పేరు పెట్టేశాను. ఆఫీసులో ఎవడైనా ఒకే టికెట్లో రెండు బగ్గులు పెడితే మనం ఊరుకుంటామా?

మొదటిది చూద్దాం. ఒంటి ఇంజను ప్రొపెల్లర్ విమానాలు టేకాఫ్ అప్పుడు ఎడమకి లాగుతాయి. పంకా తిరిగే దిశ వల్ల వచ్చే భౌతికశాస్త్రం అది, తప్పు కాదు. వాడూ ఎక్కడో చదివి ఇదేననుకున్నాడట. అయితే దీన్ని నమ్మక్కర్లేదు, పరీక్షించొచ్చు. బాగా ఎత్తుకి వెళ్ళి థ్రాటిల్ పూర్తిగా తగ్గించాం. ఇంజను బలం పోతే ఆ లాగుడు దాదాపు పోవాలి. పోలేదు. జెట్ విమానం తీసినా అదే వాలుడు. అంటే విమానం తప్పు కాదు.

తర్వాత జాయ్‌స్టిక్. సిమ్యులేటర్ మూసేసి, విండోస్ రన్ బాక్సులో జాయ్ డాట్ సీపీఎల్ అని కొట్టాం. మధ్యలో ఓ గడి, అందులో ఓ ప్లస్ గుర్తు కనిపిస్తాయి. స్టిక్ వదిలితే గుర్తు సరిగ్గా మధ్యలో నిలబడింది. అంటే స్టిక్ శుభ్రంగా ఉంది. ఉప్పుగాలి నిర్దోషి. పిల్లాడి చెయ్యి అంతకన్నా నిర్దోషి.

ఇక మిగిలింది కంట్రోల్ సెట్టింగులు. జాయ్‌స్టిక్ పేజీ ఒక్కటే చూసి ఊరుకోకుండా, అక్కడున్న పరికరాల జాబితా మొత్తం తెరిచాం. కీబోర్డు, మౌసు, జాయ్‌స్టిక్, వీటితోపాటు ఓ గేమ్‌ప్యాడ్! "ఇదెక్కడిదిరా?" అంటే సీపీయూ వెనకాల చెయ్యి పెట్టి తీశాడు. క్రికెట్ ఆడుకోవడానికి గుచ్చిన పాత గేమ్‌ప్యాడ్, వైరుతో సహా అక్కడే పడుంది. మీరు అడక్కపోయినా చాలా సిమ్యులేటర్లు కొత్తగా గుచ్చిన పరికరానికి తమంతట తామే ఓ డిఫాల్ట్ ప్రొఫైల్ తగిలిస్తాయి. దాని ఎడమ పుల్ల కూడా ఎయిలెరాన్‌కే కట్టి ఉంది. ఆ పుల్ల అరిగిపోయి మధ్యలో నిలబడట్లేదు. ఒకే రెక్కకి ఇద్దరు సారథులు, వాళ్ళలో ఒకడు నిద్రలో ఎడమకి ఒరిగిపోయినవాడు.

గేమ్‌ప్యాడ్ పీకేశాం. విమానం తిన్నగా వెళ్ళింది.

రెండోది, ప్రోగ్రాం మూసుకుపోవడం. యాడాన్ ఫోల్డర్లో నలభై దాకా ఉన్నాయి. ఉచితంగా దొరికిన సీనరీలూ, రంగులూ, విమానాలూ. రీఇన్‌స్టాల్ చేసే ముందు ఆ ఫోల్డర్ని ఎంతో జాగ్రత్తగా వేరే చోట దాచి, తర్వాత అంతే జాగ్రత్తగా తిరిగి పెట్టాడట. రోగాన్ని పెట్టెలో భద్రపరిచి కొత్త ఇంటికి తెచ్చుకున్నట్టు. అన్నీ బయటికి తీస్తే ఎన్నిసార్లు తెరిచినా మూసుకుపోలేదు. ఇరవై వెనక్కి పెట్టాం, బానే ఉంది. మిగతా ఇరవైలో పది, తర్వాత ఐదు, అలా సగం సగం చేసుకుంటూ పోతే ఆరు సార్లలో దొరికింది. పాత వెర్షన్ కోసం చేసిన ఓ సీనరీ. అప్‌డేట్ వచ్చాక దానికీ దీనికీ పడలేదు. మొత్తం పని గంటన్నర.

అప్పుడన్నాడు మా బావ, కాజా నములుతూ. "అయితే బావా, ఆ ఆరు రాత్రులూ మా నెట్టు దేనికి తగలేసినట్టు? తీసేసి మళ్ళీ ఎక్కించడమేనా సాఫ్ట్‌వేరంటే? మా సెంటర్లో సెల్లు కొట్టువోడు కూడా అదే చేత్తాడు గదా, ఆయ్!"

గోదారోళ్ళ ఎటకారానికి విరుగుడు లేదు. కానీ అందులో ఉన్న ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి.

రీఇన్‌స్టాల్ మార్చేది కోడ్‌ని. తప్పు ఉన్నది కోడ్‌లో కాదు, స్టేట్‌లో. ఈ రెంటికీ తేడా తెలియనివాడు మనలో ఎవడూ ఉండడు. మరి ఇంటికి రాగానే ఎందుకు మర్చిపోతాం? మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020లో కంట్రోల్ ప్రొఫైళ్ళు మన ఖాతాతోపాటు క్లౌడ్‌లో దాగుంటాయి. మీరు డిస్కు మొత్తం ఫార్మాట్ చేసినా, లాగిన్ అవ్వగానే ఆ పాత ముడులన్నీ మళ్ళీ దిగొచ్చేస్తాయి. 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో కంట్రోల్ ముడులు ప్రోగ్రాం ఫోల్డర్లో కాకుండా యూజర్ ప్రొఫైల్ కింద యాప్‌డేటాలో ఓ ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉండేవి. ఎక్స్-ప్లేన్‌లో అయితే అవుట్‌పుట్ కింద ప్రిఫరెన్సెస్ ఫోల్డర్లో ఉంటాయి, కాబట్టి ఆ ఒక్క ఫోల్డర్ పక్కకి జరిపి చూస్తే చాలు. పైగా అది లాగ్ డాట్ టీఎక్స్‌టీ అని ఓ ఫైలు రాస్తుంది. పడిపోయే ముందు ఏ ప్లగిన్ పేరు వచ్చిందో చివరి వరుసల్లో చూడొచ్చు. ఆఫీసులో లాగ్ చూడకుండా సర్వర్ మీద చెయ్యి వేస్తే కేకలేసే మనం, ఇంట్లో ఆ ఫైలు తెరవం.

రెండు చేతులు ఒకే పగ్గం పట్టుకోకూడదన్నది కూడా కొత్త విద్యేం కాదు. పీట్ డౌసన్ రాసిన ఎఫ్‌ఎస్‌యూఐపీసీ వాడినవాళ్ళకి ఈ నియమం కంఠతా వచ్చు. ఒక యాక్సిస్‌ని అందులోనైనా కట్టండి, సిమ్యులేటర్లోనైనా కట్టండి, రెండు చోట్లా కట్టకండి.

మా ఊరి లెక్కలో చెప్తాను. కోనసీమలో శివారు చేనుకి నీళ్ళు రాలేదనుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట పగలగొట్టి మళ్ళీ కడదాం అని ఎవరైనా అంటారా? కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేశాడు. అప్పట్నుంచీ రైతు చేసే పని ఒకటే, కాలవ గట్టు పట్టుకుని నడవడం. లాకు దగ్గర నీళ్ళున్నాయా? ఉన్నాయి. తూము దగ్గర? ఉన్నాయి. బోదెలో? లేవు. అయితే తూముకీ బోదెకీ మధ్యే ఏదో అడ్డం పడింది. బైనరీ సెర్చ్ అని పేరు తెలియకుండానే వందేళ్ళుగా మా తాతలు చేస్తున్నది ఇదే. కంప్యూటర్ సైన్సు చదివి నేను చేసింది మాత్రం ఆనకట్ట పగలగొట్టమనడం.

ఆటే కదా, దీనికింత గోల ఎందుకంటారా? ఈ అలవాటు ఆట దగ్గర ఆగదు. 2014 డిసెంబర్ 28న సురబాయ నుంచి సింగపూర్ వెళ్తూ ఎయిర్‌ఏషియా క్యూజెడ్ 8501 సముద్రంలో కూలిపోయింది. 162 మంది పోయారు. మరుసటి ఏడాది వచ్చిన ఇండోనేషియా దర్యాప్తు నివేదిక చదివితే మన ఉద్యోగం గుర్తొచ్చి ఒళ్ళు జలదరిస్తుంది. రడ్డర్ ట్రావెల్ లిమిటర్ అనే భాగంలో ఓ సోల్డర్ అతుకు పగిలింది. అంతకుముందు పన్నెండు నెలల్లో ఇదే భాగం గురించి 23 సార్లు ఫిర్యాదు నమోదైంది. మూలం దొరకలేదు. ఆ రోజు గాల్లో ఆ హెచ్చరిక నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి సర్క్యూట్ బ్రేకర్లు రీసెట్ చేసిన ఆనవాళ్ళు రికార్డర్లో కనిపించాయి. దాంతో ఆటోపైలట్ పోయింది. ఆ తర్వాత ఒక పైలట్ స్టిక్ వెనక్కి లాగుతుంటే ఇంకొకరు ముందుకి తోశారు. ఎయిర్‌బస్‌లో రెండు స్టిక్కులూ కదిలిస్తే కంప్యూటర్ ఆ రెంటినీ కూడుతుంది.

మేనల్లుడి గేమ్‌ప్యాడ్‌నీ దీన్నీ ఒకే తక్కెడలో పెట్టడం లేదు. పోయిన ప్రాణాలతో పోలికలు నాకొద్దు. కానీ "రీసెట్ చేస్తే పోయింది కదా" అన్న తృప్తి ఉంది చూశారా, అది రెండు చోట్లా ఒకటే. లక్షణం మాయమైతే జబ్బు పోయినట్టు లెక్కేసుకోవడం.

ఇంకో మాట, సిమ్యులేటర్లు తయారుచేసేవాళ్ళకి. అసలు ఎయిర్‌బస్‌లో రెండు స్టిక్కులూ ఒకేసారి కదిలితే "డ్యూయల్ ఇన్‌పుట్" అని కాక్‌పిట్‌లో గొంతు వినిపిస్తుంది. ప్రతి మీటా, ప్రతి స్విచ్చీ అచ్చుగుద్దినట్టు దించే మీరు ఆ ఒక్క మర్యాద సెట్టింగుల పేజీకి కూడా ఇవ్వండి. ఒకే పనికి రెండు పరికరాలు కట్టి ఉంటే గట్టిగా చెప్పండి. కొత్త పరికరం గుచ్చితే అడిగి కట్టండి, అడక్కుండా కాదు.

"రీఇన్‌స్టాల్ చాలాసార్లు పనిచేస్తుందండీ" అని కొందరంటారు. నిజమే. ఫైళ్ళు పాడైనప్పుడు పనిచేస్తుంది. దానికి కూడా ముందు స్టీమ్‌లో ఫైళ్ళు సరిచూసుకునే మీట ఉంది, పాడైనవాటినే తెస్తుంది. "మా సర్వర్లు చెడిపోతే చంపేసి కొత్తవి లేపుతాం, బాగుచేస్తూ కూర్చోం" అంటారు ఇంకొందరు. అదీ ఒప్పే. అక్కడ స్టేట్ అంతా బయట డేటాబేసులో భద్రంగా ఉంది కాబట్టి మీ ఆట సాగుతోంది. ఆ డేటాబేసే తప్పయితే లక్ష సర్వర్లు లేపినా తప్పే చూపిస్తాయి. "సగం సగం చేసే పద్ధతి రెండు యాడాన్లు ఒకదానితో ఒకటి గొడవపడితే పనిచెయ్యదు కదా" అనే తెలివైనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి నమస్కారం. అప్పుడు ఒక సగాన్ని కదపకుండా ఉంచి, రెండో సగాన్ని చీల్చుకుంటూ పొండి. కాస్త ఎక్కువసేపు పడుతుంది. ఆరు రాత్రులు మాత్రం పట్టదు.

నన్ను నిజంగా బాధపెట్టింది మాత్రం నెట్టూ కాదు, రాత్రులూ కాదు. ఇంజనీరు మావయ్య చెప్పినట్టే చేశాడు. అయినా బాగవ్వలేదు. కాబట్టి తప్పు తనదే అనుకున్నాడు. ఆలోచించకుండా ఇచ్చిన సలహాకి ఉన్న విషం అదే. అది పనిచెయ్యనప్పుడు సలహా ఇచ్చినవాడి మీద ఎవరికీ అనుమానం రాదు, అడిగినవాడు తన మీద తనే అనుమానం పెంచుకుంటాడు. పల్లెటూళ్ళో, చెప్పేవాళ్ళు ఇంకెవరూ లేనిచోట, మన నోటిమాటకి మనం అనుకున్నదానికన్నా బరువెక్కువ.

కాబట్టి సాఫ్ట్‌వేరు సోదరసోదరీమణులారా, ఈసారి చుట్టాలు ఫోన్ చేస్తే మూడు ప్రశ్నలు అడగండి. చివరిసారి ఎప్పుడు బాగుంది? అప్పట్నుంచి ఏం గుచ్చారు, ఏం ఎక్కించారు? ఇది ఒక గోలా, రెండా? అంత తీరిక లేకపోతే "రాత్రికి చేస్తాను" అని నిజం చెప్పండి. ఒక మీటింగయ్యాక చేసే ఫోన్ ఆరు రాత్రుల డౌన్‌లోడు కన్నా నయం.

అన్నట్టు, కనుమనాడు ప్రభల తీర్థం చూసొచ్చాక వాడు మధురపూడిలో లేచి అంతర్వేది దాకా వెళ్ళాడు. లాండింగ్ మాత్రం దారుణంగా చేశాడు. ఈసారి తప్పు వాడి చేతిదే, ఆ సంగతి వాడే నవ్వుతూ ఒప్పుకున్నాడు.