మాసిన బండికి 26 కోట్లు

2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమీ ఊళ్లో, మీకమ్ వాళ్ల వేలంపాటలో ఒక 1968 ఫోర్డ్ మస్టాంగ్ 37 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. అప్పటి లెక్కన 26 కోట్ల రూపాయలకు పైమాటే. 'బులిట్' సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్ తోలిన బండి అది. రంగు వెలిసింది, అక్కడక్కడా తుప్పు. షూటింగుకి కెమెరా బిగించేందుకు వెల్డింగు చేసిన ఇనుప ముక్కలు కింద అలాగే ఉన్నాయి. 1974లో 6,000 డాలర్లకు కొన్న కుటుంబం దాన్ని ఇంటి బండిగానే వాడుకుంది. 1977లో సాక్షాత్తూ మెక్వీనే ఉత్తరం రాసి అడిగినా ఇవ్వలేదు. అమ్మే రోజున కూడా పెయింటు కొట్టించలేదు.

అదే బండి మన చేతికి చిక్కి ఉంటే?

నేను చెప్తా. హిందూపురంలో ఏదో షెడ్డుకు తోలి, టింకరింగు చేయించి, తళతళలాడే ఎర్రరంగు కొట్టించి, ఆ ఇనుప ముక్కలు కోసి కాటా వేయించి, మీటరు వెనక్కి తిప్పి, 'సింగిల్ ఓనర్, డాక్టరుగారి బండి' అని ఎవడికో అంటగట్టేవాళ్లం. మీటరు 40,000 అంటుంది. బ్రేకు పెడలు మీది రబ్బరు మాత్రం అరిగి నున్నగా ఉంటుంది. కొనేవాడికీ ఆ సంగతి తెలుసు. రేపు అమ్ముకోవాల్సింది తనే కదా, నోరెత్తడు.

బండి ఒక్కటే కాదు. ధర్మవరం పట్టుచీర కట్టుకుని పెళ్లి చేసుకున్న అమ్మమ్మలున్న ఇళ్లే మనవి. ఆ చీరను జరీలో వెండి కోసం తూకానికి ఇచ్చి కాల్పించిందీ ఈ ఇళ్లే. ఇప్పుడు ఫోనులో మస్టాంగ్ వేలం చూసి, 'వాళ్లకు పాతదాని విలువ తెలుసబ్బా!' అని లొట్టలు. సిగ్గుందా?

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కియా ఫ్యాక్టరీ ఉంది. 2019 జనవరిలో ట్రయల్ కారు బయటికి తెచ్చింది ఒక ముఖ్యమంత్రి, డిసెంబరులో రిబ్బను కోసింది ఇంకో ముఖ్యమంత్రి. తెచ్చింది మేమంటే మేమని రెండు పార్టీలూ జుట్లు పట్టుకున్నాయి. పురుడు పోసిన పేరు కోసం ఇంత రచ్చ చేసినవాళ్లలో ఆ కార్లు ముసలివైతే గతేమిటని అడిగినవాడు ఒక్కడుంటే చూపించండి.

ఢిల్లీ పెద్దలది ఇంకో తమాషా. 2021 రూల్సు ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి వింటేజి. నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలు, మర్యాదలు. కానీ 15 ఏళ్లు నిండిన కారుకు 600 ఉన్న ఆర్సీ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 20 దాటితే 10,000 అని 2025లో తేల్చారు. ఇరవైలోనే పీక పిసుకుతూ యాభైలో సన్మానం చేస్తామంటే ఎవరికి? పొగ అంటారా? పొగ గొట్టం దగ్గర కొలవండి. ఆర్సీలో పుట్టిన తేదీ చూసి కాలుష్యం లెక్కగట్టే తెలివి ఏ బళ్లో నేర్చారు?

హిందూపురం ఓటరూ, నిన్నొక మాట అడుగుతా. 1985లో, 1989లో, 1994లో నువ్వు గెలిపించిన ఎన్టీఆర్ ఊరూరా తిరిగిన చైతన్య రథం ఏ బండి? అమెరికా కంపెనీ షెవర్లే పాత వ్యాను. ఎన్టీఆర్ ఎక్కాడు కాబట్టి దండ పడింది. మీ నాయన ఎక్కి ఉంటే ఈపాటికి కేజీల లెక్కన పోయేది. ఒప్పుకో.

ఈ వారం బండి అమ్మబోతున్నావా? సొట్టలు సొట్టల్లాగే ఉంచి, రిపేరు బిల్లులన్నీ కట్టగట్టి, మీటరు ముట్టుకోకుండా అమ్మి చూడు. బ్రోకరు పిచ్చోడంటాడు, పదివేలు తగ్గిస్తానంటాడు. అప్పుడు నువ్వేమంటావో కూడా నాకు తెలుసు: 'మనకెందుకొచ్చిన గొడవ, కొట్టించెయ్ రంగు!'