మట్టి గోడల బడి నేర్పే పాఠం

మార్చి నెల వచ్చిందంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నమయ్యేసరికి చాలా తరగతి గదుల్లో కూర్చోలేం. పైన రేకులున్నా, పల్చటి స్లాబున్నా పగలంతా కాగి ఆ వేడిని పిల్లల నెత్తిమీదే దించుతాయి. ఇక 2025 జూలై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. బడికి పంపిన బిడ్డ చల్లగా కూర్చుని చదువుకోవాలి, క్షేమంగా ఇంటికి రావాలి. తల్లిదండ్రులు ఇంతకంటే ఎక్కువ అడగడం లేదు. పల్లెల్లో ఈ రెండూ జరగాలంటే బడిని ఎలా కట్టాలి?

దీనికి ఒక మంచి జవాబు ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో ఉంది. ఆ దేశంలోని గాండో అనే చిన్న ఊళ్లో ఒకప్పుడు బడి లేదు. అక్కడ 1965లో పుట్టిన ఫ్రాన్సిస్ కేరే చదువుకోసం ఏడేళ్ల వయసులోనే ఊరు విడిచాడు. వడ్రంగం నేర్చుకోవడానికి ఉపకార వేతనంపై జర్మనీ వెళ్లి, తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదివాడు. చదువు పూర్తికాకముందే స్నేహితుల దగ్గర విరాళాలు పోగుచేసి సొంత ఊరికి బడి కట్టించాడు. 2001లో పూర్తయిన ఆ బడికి 2004లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. 2022లో ఆయన వాస్తుశిల్పులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికన్ అయ్యాడు.

ఆ బడి ప్రత్యేకత దాని కట్టుబడిలో ఉంది. ఊరి మట్టిలో కొద్దిపాటి సిమెంటు కలిపి, అచ్చులో గట్టిగా నొక్కి ఇటుకలు చేశారు. వాటిని బట్టీలో కాల్చలేదు కనుక కట్టెలు తగలబెట్టే పని లేదు. మందపాటి మట్టి గోడ ఎండ వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. కప్పు రెండు వరుసలుగా ఉంటుంది. కింద సందులు వదిలిన మట్టి ఇటుకల కప్పు, దానిపైన ఇనుప చువ్వల చట్రం మీద ఎత్తుగా నిలిపిన రేకులు. గదిలో వేడెక్కిన గాలి సందుల గుండా పైకి పోతుంది, కిటికీల నుంచి చల్లగాలి లోపలికి వస్తుంది. రేకులు గోడల కంటే బాగా ముందుకు చాచి ఉండడంతో వాన, ఎండ గోడకు తగలవు. ఏసీ లేదు, ఫ్యాన్లతో పని లేదు. ఆ ఊరికి క్రేన్లు రావు కాబట్టి చేతి రంపం, చిన్న వెల్డింగ్ యంత్రంతో అయ్యే పద్ధతినే ఎంచుకుని ఊరివాళ్లకు నేర్పారు. పిల్లలు పునాదికి రాళ్లు తెచ్చారు, స్త్రీలు నీళ్లు మోశారు. నెహెమ్యా కాలంలో యెరూషలేము ప్రాకారాన్ని ఎవరి ఇంటి ఎదుటి భాగాన్ని వారు బాగుచేసుకున్న సంగతి ఇక్కడ గుర్తురాక మానదు.

ఈ ఆలోచన మనకు కొత్తేమీ కాదు. రాయలసీమలో మట్టి మిద్దెలు తరతరాలుగా నిలిచాయి. మనకు తాండూరు నాపరాయి, బేతంచెర్ల బండ ఉన్నాయి. గానుగ సున్నంతో కట్టిన గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి. మన పెద్దలు మెచ్చిన మంగుళూరు పెంకుకు మిషనరీలతోనే సంబంధం ఉంది. బాసెల్ మిషన్‌వారు 1865లో మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టారు. కుష్ఠురోగుల సేవకోసం 1945లో ఇండియాకు వచ్చిన క్వేకర్ క్రైస్తవుడు లారీ బేకర్ తర్వాత కేరళలో స్థిరపడి, ఇటుకలను నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే గోడలు కట్టించాడు. వాటికి మామూలు గోడకంటే నాలుగో వంతు ఇటుకలు తక్కువ పడతాయి. లోపలి ఖాళీ వేడిని అడ్డుకుంటుంది.

అయితే మన సంఘాల్లో ఒక అభ్యంతరం వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఊరి చివర పేటల్లో, పూరిపాకల్లో తరాలు గడిపినవారికి స్లాబు ఇల్లంటే గౌరవం. ఇన్నాళ్లకు పక్కా బడి వచ్చే వేళ మళ్లీ మట్టి గోడలా అని వారడిగితే, ఆ ప్రశ్న వెనుక ఎంతో బాధ ఉంది. ఉన్నవారి పిల్లలకు ఏసీ గదులు, లేనివారి పిల్లలకు పర్యావరణ పాఠాలు చెబితే అది న్యాయం కాదు. గాండో ప్రజలూ మొదట మట్టి వానకు నిలవదని సందేహించారు. వారిని ఒప్పించింది మాటలు కాదు, నాణ్యత. మట్టిని పరీక్షించి, రాతి పునాది వేసి, గోడ తడవకుండా కప్పి కట్టిన బడిని చూశాకే వారు నమ్మారు. చౌక కోసం మట్టిని వాడితే పేదను అవమానించినట్టే. మేలైన గది కోసం వాడితేనే అది గౌరవం.

ఇంకో సంగతి. గాండో నమూనాను ఉన్నదున్నట్టుగా ఎక్కడపడితే అక్కడ దింపలేం. మన కోస్తాలో తుపాను గాలికి తేలికపాటి రేకులు లేచిపోతాయి. అక్కడ బడి భవనమే తుపాను వేళ జనానికి ఆశ్రయం కూడా. అలాంటి చోట బలమైన కాంక్రీటు నిర్మాణమే సరైనది. వేడి తగ్గించడానికి దానిపై తెల్ల సున్నం, చుట్టూ వరండా, చెట్లు ఉండాలి. రాయలసీమకు, తెలంగాణ మెట్ట ప్రాంతాలకు రాయి, మట్టి ఇటుక బాగా నప్పుతాయి. అసలు సూత్రం ఆ చోటి గాలికి, వానకు, అక్కడి మేస్త్రీల నైపుణ్యానికి తగినట్టు కట్టడమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ‘మన బడి నాడు-నేడు’, తెలంగాణలో 2022లో మొదలైన ‘మన ఊరు-మన బడి’ మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతుల మీద దృష్టి పెట్టాయి. అవి ఎంతో అవసరం. తరగతి గదిలోని వేడిని కూడా ఆ జాబితాలో చేర్చాలని మనం అడగాలి. ఎవరు అధికారంలో ఉన్నా మరమ్మతుల డబ్బు ఏటా అందాలనీ అడగాలి. పిప్లోదీ గుర్తుచేసేది ఇదే. ఏ సామగ్రితో కట్టినా పట్టించుకోని కప్పు ఒకనాటికి కూలుతుంది.

మన సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మన సంఘస్థులు ఆ కమిటీల్లో చేరి, వానాకాలానికి ముందే కప్పులు, గోడలు చూపించమని అడగాలి. మిషన్ బడులను నడిపేవారు కొత్త గదికి ముందు ఆ ప్రాంతపు మేస్త్రీని, మట్టి కట్టడాలు తెలిసిన ఇంజనీరును కలిపి కూర్చోబెట్టాలి. పాత పెంకుల భవనాలను పడగొట్టే ముందు బాగుచేస్తే ఎంతవుతుందో లెక్క వేయించాలి. సండే స్కూలు నడిచే రేకుల షెడ్డుకు కింద వెదురు తడకల కప్పు వేసి, పైభాగంలో గాలి పోయే దారి పెట్టడం ఏ చిన్న సంఘానికైనా సాధ్యమే. ఈ వేసవి ఎండలు ముదరకముందే సంఘ పెద్దలు ఒక మధ్యాహ్నం పిల్లలు కూర్చునే గదిలో గంటసేపు కూర్చుని చూడాలి. ఏం చేయాలో అక్కడే తెలుస్తుంది.