బాలు గారి ఉత్తమ కృషి ఏది?

గానగంధర్వుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరు 25న కన్నుమూసినారు. నాటి నుండి అభిమానులు ఎక్కడ కూడినను ఒక చర్చ సాగుచునే యున్నది. ఆయన కృషిలో మిన్న యైనదేది? మన విద్యార్థులలోను ఈ చర్చకు కొదువ లేదు.

తెలుగు విద్యార్థులు ‘శంకరాభరణం’ పాటలకు పట్టము కట్టుదురు. ఆయనకు మొదటి జాతీయ పురస్కారము తెచ్చినది ఆ చిత్రమే. ఉర్దూ విద్యార్థులు 1981 నాటి ‘ఏక్ దూజే కే లియే’ చిత్రమును ముందుంచుదురు. ఆయన హిందీ ఉచ్చారణను సంగీత దర్శకులు లక్ష్మీకాంత్–ప్యారేలాల్ శంకించగా, కథానాయకుడు దక్షిణాది యువకుడు గనుక ఆ గొంతే తగునని దర్శకుడు కె. బాలచందర్ పట్టుపట్టినారు. ఆ చిత్రగానమునకును జాతీయ పురస్కారము లభించినది.

ఇరుపక్షముల వాదములోను న్యాయమున్నది. అయినను మా అభిప్రాయము వేరు. 1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’ నిర్వహణమే ఆయన ఉత్తమ కృషి యని మేము తలచుచున్నాము.

టెలివిజను పోటీ పాటకు సాటి యగునా అని కొందరడుగుదురు. పాటలో కవి, స్వరకర్త, వాద్యబృందము ఆయనకు తోడు. ఆ వేదికపై చేసిన బోధన మాత్రము ఆయన సొంతము. పిల్లలు పాడి ముగించగానే మార్కులు చెప్పి పంపివేయలేదు. పాట వ్రాసినదెవరో, బాణీ కట్టినదెవరో తెలిపి, అక్షరము జారిన చోట తాను పాడి చూపినారు. తప్పును దాచలేదు, తప్పు చేసినవారిని చిన్నబుచ్చలేదు. ఆ వేదికపై పాడిన ఉష, కారుణ్య వంటివారు పిదప చలనచిత్ర గాయకులైనారు.

ఈ ఓర్పు ఆయనకు అనుభవము నేర్పినది. సినిమాలకు రాకమునుపు, మన నాయుడుపేటకు పొరుగున ఉన్న గూడూరులో జరిగిన పాటల పోటీలో ఆయనకు దక్కినది రెండవ బహుమతి. అతిథిగా వచ్చిన గాయని ఎస్. జానకి గారు ఆ యువకుని ప్రతిభను గుర్తించి, సినిమాలలో ప్రయత్నించుమని ప్రోత్సహించినారు. 1966లో ఎస్.పి. కోదండపాణి గారు ఆయనచే తొలి సినిమా పాట పాడించినారు. పోటీలో నిలుచున్న బిడ్డ గుండెదడ ఆయన ఎరుగును.

ఇది అభిమానుల ముచ్చటతో ముగియదగిన విషయము కాదు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఒకే వేదిక నెక్కు చోట, నుక్తా పలుకలేని తెలుగువానిని చూచి కొందరు, ‘ణ’, ‘ళ’ల వద్ద తడబడిన ఉర్దూవానిని చూచి కొందరు నవ్వుట కద్దు. అట్లు నవ్వులపాలైన విద్యార్థి మరుసటి యేడు వేదిక వంక చూడడు.

కళాశాల సంఘమువారికి మా మనవి ఒక్కటే. వార్షికోత్సవ పోటీలలో బహుమతి ప్రదానముతో సరిపెట్టక, ప్రతి పాటకు, ప్రతి ప్రసంగమునకు పిదప రెండు నిమిషములు న్యాయనిర్ణేతలు గుణదోషములు చెప్పి దిద్దునట్లు ఏర్పాటు చేయవలెను. విద్యార్థి సోదరులారా, తోటివాని పలుకు తడబడినపుడు నవ్వక, సరియైన పలుకును అందింతము. బాలు గారి అభిమానులమని చెప్పుకొనుటకు అప్పుడు మనకు అర్హత కలుగును.