గురువుల పేర్లు సరిగా రాద్దాం

పలివెల కొప్పులింగేశ్వరుడి కథ కోనసీమలో తెలియనివారు అరుదు. ప్రసాదంలో వెంట్రుక ఎలా వచ్చిందని రాజు అడిగితే, స్వామికే కొప్పు ఉందన్నాడు అర్చకుడు. చూడాల్సిందేనని రాజు గుడికి వచ్చాడు. భక్తుడి మాట నిలబెట్టడానికి లింగానికి కొప్పు వచ్చింది. ఆ గుడి ఉన్న జిల్లాకు 2022 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు. ఆయన చదువు గురించి మనం చెప్పే మాటలను నిలబెట్టడానికి మాత్రం కాగితాలే దిక్కు.

మాకు వచ్చే జయంతి వ్యాసాల్లో కొన్ని, జాన్ డ్యూయీ పర్యవేక్షణలో ఆయన డాక్టరేట్ చేశారంటాయి. డ్యూయీ తత్వశాస్త్ర ఆచార్యుడు. కొలంబియాలో ఆయన పాఠాలు విన్న అంబేద్కర్, 1936 నాటి 'కులనిర్మూలన'లో ఆయన్ని గురువుగా తలచుకున్నారు. ఆర్థికశాస్త్రంలో చేయిపట్టి నడిపినది ఎడ్విన్ సెలిగ్మన్. పన్నుల శాస్త్రంలో ఆనాటి దిగ్గజం. బ్రిటిష్ ఇండియాలోని రాష్ట్రాల ఆదాయవ్యయాలపై అంబేద్కర్ రాసిన సిద్ధాంత గ్రంథానికి ముందుమాట ఆయనదే.

కొలంబియా డాక్టరేట్ పట్టా ఏ సంవత్సరానిది? కొందరు 1917 అంటారు, కొందరు 1927 అంటారు. బరోడా ఉపకార వేతనం ముగిసి 1917లో ఆయన స్వదేశం రావలసి వచ్చింది. గ్రంథం అచ్చయి ప్రతులు విశ్వవిద్యాలయానికి చేరితే గాని పట్టా రాదు. ఆ పుస్తకం 1925లో వెలువడింది, పట్టా 1927లో వచ్చింది. ఆ పదేళ్ల వెనుక ఎంత ఇబ్బంది ఉందో! తేదీని చదును చేస్తే అది కూడా చెరిగిపోతుంది.

లండన్ డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టా 1923 నాటిది. పరీక్షకుల అభ్యంతరాల మేరకు సవరించి మళ్లీ సమర్పించి సాధించారు. రూపాయి సమస్యపై రాసిన ఆ సిద్ధాంత గ్రంథం పుస్తకంగా వచ్చినప్పుడు ముందుమాట రాసిన గురువు ఎడ్విన్ కానన్, శిష్యుడి వాదనలు కొన్ని తనకు సమ్మతం కావని అందులోనే చెప్పారు. అయినా ఆ ఆలోచనలోని కొత్తదనాన్ని మెచ్చుకున్నారు. అదే పుస్తకంలో అంబేద్కర్ ప్రసిద్ధ ఆర్థికవేత్త కీన్స్‌తోనూ వాదానికి దిగారు. మాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

కొలంబియా 1952లో, ఉస్మానియా 1953లో ఇచ్చినవి గౌరవ పట్టాలు. చదివి సంపాదించిన వాటితో కలిపి లెక్కపెట్టకూడదు.

మహనీయుడికి నాలుగు మాటలు ఎక్కువ కలిపితే తప్పేమిటని అడిగేవారున్నారు. తప్పే. ఒక్క అబద్ధం దొరికితే చాలు, ఆయనంటే గిట్టనివారు నిజాలన్నిటినీ దానితో కలిపి తోసిపారేస్తారు.

ఏప్రిల్ 14కి కరపత్రాలు వేసే యువకులకు, ఉపన్యాసాలు సిద్ధం చేసే మాస్టార్లకు మా విన్నపం ఒక్కటే: అచ్చుకు ఇచ్చేముందు ఆ రెండు పుస్తకాల ముందుమాటలు చదవండి.