పతకములొకరికి, అణాలొకరికి

సర్ రొనాల్డ్ రాస్ గారి నామమును మన నగరము గౌరవముతో స్మరించుట యుచితమే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదున వారు దోమ యుదరకుడ్యమున మలేరియా క్రిమిని గనుగొనిరి. ఆ కీర్తిని తగ్గింపవలయునను కోరిక మాకు లేదు. కాని దానిని సైనికసేవ పద్దున జమకట్టి, సామ్రాజ్యమే మనకు విజ్ఞానమును ప్రసాదించెనని వాదించువారు నేటికిని గలరు. వారికి ప్రత్యుత్తర మీయక మిన్నకుండుట ధర్మము కాదు.

రాస్ గారు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున జేరిరి; 1885 నాటి బర్మా యుద్ధమున పనిచేసిరి. 1902లో నోబెల్ బహుమానమును, 1911లో 'సర్' బిరుదమును బడసిరి. మొదటి ప్రపంచయుద్ధమున, 1917లో, బ్రిటిషు యుద్ధశాఖకు మలేరియా సలహాదారులైరి. సలోనికాకు బోవుచుండగా వారి యోడ టార్పీడో దెబ్బ తినెను. 1918లో మరియొక బిరుదము లభించెను.

ఈ పట్టికను జూపి సైన్యమే శాస్త్రమును పోషించెననువారు 1897 సెప్టెంబరు మాసమును మరచెదరేల? క్రిమి కనబడిన కొలదికాలమునకే రాస్ గారిని రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసిరి. పరిశోధన నడుమ తెగిపోయెను. 1898లో కలకత్తాలో పక్షులను పరీక్షించి వారు మిగిలిన భాగమును పూర్తి చేయవలసివచ్చెను. అన్నము పెట్టితినని చెప్పుకొను చేయియే విస్తరిని లాగివేసినది గదా!

ఇక సికింద్రాబాదున ఆ దోమలకు దేహమొడ్డినదెవరు? హుసేన్ ఖాన్ అను రోగి. దోమకాటు కొక యణా చొప్పున నాతనికి ముట్టెను. ఏ వ్యాజ్యమునందైనను ప్రధానసాక్షి పేరు తీర్పునకెక్కును. చరిత్ర యను నీ తీర్పులో మాత్ర మాతడు అంచున మిగిలినాడు.

రాస్ గారు 1932లో గతించిరి. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, జావా జపానువశమై క్వినైను కరవయ్యెను. బర్మా రంగమున గాయములకంటె జ్వరములే యెక్కుడు మందిని పడద్రోసెను. అప్పుడు సైనికులకు మెపాక్రిన్ మాత్రలు పంచిరి, దోమల నిర్మూలించిరి. సికింద్రాబాదున బుట్టిన జ్ఞానము సైన్యమునకు సత్వరమే యక్కరకు వచ్చెను. మరి ప్రజలకో? 1947 నాటికి దేశమున ఏటేట ఏడున్నర కోట్లమంది మలేరియా పాలగుచుండిరనియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. అర్ధశతాబ్ద మేలిన ప్రభుత్వమున కిదియా ప్రశంసాపత్రము? జాతీయ మలేరియా నివారణ పథకము 1953లో, స్వతంత్ర ప్రభుత్వముచేతనే యారంభమయ్యెను.

పతకముల విలువ మన నగరమున కెవరును నేర్పనక్కరలేదు. వరదబాధితుల సేవకుగాను 1911లో వచ్చిన కైసర్-ఇ-హింద్ పతకమును, జలియన్‌వాలాబాగు దురంతము పిమ్మట సరోజినీదేవి తిరిగి యిచ్చివేసెను. ఇచ్చువాని చేతికి నెత్తురంటినప్పుడు పతకము భారమే యగును.

కావున మా కోరికలు రెండు. ప్రతి ఆగస్టు 20వ తేదీన రాస్ గారితోపాటు హుసేన్ ఖాను పేరును సభలలో నుచ్చరింపుడు, పాఠ్యపుస్తకములలో జేర్పుడు. రెండవది, పాతబస్తీ గల్లీలలో, మూసీ యొడ్డున నీరు నిలువనీయకుడు. దోమ యెచ్చట బుట్టునో తెలిసియు మురుగు తీయని నగరమునకు రాస్ గారి జయంతి జరుపు హక్కు లేదు. ఆ యణాల ఋణము పూలమాలలతో దీరునది కాదు.